చైనా బొమ్మల అర్థాలు చెప్పే పుస్తకాలు: ఏది ఎంతవరకు నమ్మొచ్చు? తరచుగా అడిగే ప్రశ్నలు

పింగాణీ కూజా మీద గబ్బిలాలు ఎందుకున్నాయి, పట్టుగుడ్డ మీద ఆ కోతి గుర్రమెందుకు ఎక్కింది అని అడిగేవాళ్ళతో మాట్లాడుతుంటే చివరికి మాట ఎప్పుడూ ఒక్క చోటికే వస్తుంది: "ఫలానా పుస్తకంలో ఇలా రాశారు, నమ్మొచ్చా?" అందుకే ఎక్కువగా అడిగేవన్నీ ఒకచోట పెడుతున్నాను.

పుస్తకంలో అర్థం స్పష్టంగా అచ్చయి ఉంది కదా, ఇంకా అనుమానం దేనికి?

ఒక పక్షిని తీసుకుని చూద్దాం. తెల్లటి ఒళ్ళు, తల మీద ఎర్రటి మచ్చ ఉండే పెద్ద సారసం. చాలా పుస్తకాలు దాని పక్కన ఒక్క మాట రాసి వదిలేస్తాయి: దీర్ఘాయువు. పైన్ చెట్టు కింద సారసం నిలబడి ఉన్న బొమ్మ, అదీ ఇంట్లో పెద్దాయన పుట్టినరోజుకి ఇచ్చింది అయితే ఆ మాట సరిపోతుంది.

అదే పక్షి చైనా చివరి రాజవంశమైన చింగ్ కాలపు (1644–1912) అధికారి అంగీ మీద, రొమ్ము దగ్గర కుట్టిన చదరపు గుడ్డలో కనిపించిందనుకోండి. అక్కడ దానికీ ఆయుష్షుకీ సంబంధం లేదు. ఆ మనిషి మొదటి శ్రేణి సివిల్ అధికారి అని చెప్పే బ్యాడ్జి అది. చింగ్‌కి ముందు ఏలిన మింగ్ రాజ్యం 1391లో ఈ పద్ధతి మొదలుపెట్టింది, సివిల్ ఉద్యోగులకి పక్షులు, సైన్యం వాళ్ళకి జంతువులు.

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. 1112లో, చాంద్రమాన సంవత్సరం మొదటి నెల 16వ రోజున, సోంగ్ చక్రవర్తి హుయ్‌జోంగ్ రాజభవన ద్వారం మీద సారసాలు గుమిగూడాయి. ఆ దృశ్యాన్ని చూపించే పట్టు చుట్ట ఇప్పుడు చైనాలో లియావోనింగ్ మ్యూజియంలో ఉంది. మొత్తం 20 పక్షులు, నీలి ఆకాశంలో 18 తిరుగుతుంటే రెండు మాత్రం పైకప్పు చివర్ల మీద వాలి ఉంటాయి. పక్కనే చక్రవర్తి రాత ఉంది, ఇది శుభశకునం అని. అంటే ఇక్కడ సారసం చెప్తున్నది "ఈ పాలనని దైవం మెచ్చింది" అనే మాట. పదిహేనేళ్ళకి, 1127లో, ఉత్తరాది నుంచి దండెత్తిన జుర్చెన్లు రాజధాని కైఫెంగ్‌ని పట్టుకుని ఆ చక్రవర్తినే బందీగా తీసుకుపోయారు. ఆ సంగతి తెలిశాక ఆ బొమ్మ చూస్తే మనసు అదోలా అయిపోతుంది. "సారసం అంటే దీర్ఘాయువు" అని మాత్రమే చదివినవాళ్ళకి ఇందులో ఏదీ అందదు.

ఒకే పక్షి, మూడు చోట్ల మూడు మాటలు. ఎప్పటి వస్తువు, ఎవరి కోసం చేశారు, పక్కన ఇంకేమున్నాయి అని అడగకుండా అర్థం చెప్పే పుస్తకం మూడింట రెండుసార్లు మనల్ని తప్పుదారి పట్టించినట్టే కదా.

అసలు ఈ అర్థాలు ఎక్కడి నుంచి వస్తాయి?

చాలావరకు శ్లేష నుంచి. మన కవులు ఒకే మాటలో రెండర్థాలు పెట్టినట్టు, వాళ్ళు ఆ పని బొమ్మతో చేశారు. గబ్బిలాన్ని చైనీస్‌లో "ఫు" అంటారు (పూర్తి పేరు బియెన్‌ఫు). భాగ్యం అనే మాట కూడా "ఫు"నే. మనకి గబ్బిలం ఇంట్లో దూరితే అపశకునం, వాళ్ళకి అదే గబ్బిలం కూజా మీద, కుర్చీ మీద, పెళ్ళికూతురి బట్టల మీద. చేప "యూ", మిగులు కూడా "యూ". జింక "లు", ప్రభుత్వోద్యోగి జీతం "లు". కూజా "పింగ్", ప్రశాంతత "పింగ్".

ఇక్కడిదాకా దాదాపు ప్రతి పుస్తకమూ చెప్తుంది. మంచి పుస్తకం తేలేది ఆ తర్వాతే, ఎందుకంటే ఈ బొమ్మలు చాలాసార్లు విడి పదాలుగా ఉండవు, పూర్తి వాక్యాలుగా ఉంటాయి. గుర్రమెక్కిన కోతి, పైన ఒక తేనెటీగ ఉన్న బొమ్మని చూడండి. గుర్రం మీద అనడానికి "మాషాంగ్" అంటారు, ఆ మాటకే "వెంటనే" అనే అర్థం కూడా ఉంది. తేనెటీగ "ఫెంగ్", బిరుదు ఇవ్వడం కూడా "ఫెంగ్". కోతి "హౌ", ప్రభువు అనే హోదా కూడా "హౌ". మూడూ కలిపి చదివితే "నీకు వెంటనే ప్రభువు హోదా దక్కాలి" అనే దీవెన. ఇప్పుడు నిఘంటువు తెరిచి "గుర్రం: వేగం", "కోతి: తెలివి", "తేనెటీగ: కష్టించే గుణం" అని మూడు వేర్వేరు చోట్ల చూసి కలుపుకున్నారనుకోండి, ఆ వాక్యం ఎప్పటికీ దొరకదు.

కాబట్టి ఏ పుస్తకంలో అయినా నేను ముందు చూసేది ఇదే: జోడీలూ గుంపులూ వివరిస్తుందా, లేక అక్షరక్రమంలో ఒక్కో జంతువుకీ ఒక్కో గుణం అంటించి పోతుందా.

పుస్తకంలో చైనీస్ అక్షరాలు లేకపోతే నష్టమా? నాకెలాగూ చదవడం రాదు.

మీకు రాకపోయినా ఉండాలి. అర్థం శబ్దం మీద నిలబడినప్పుడు, ఏ మాటకీ ఏ మాటకీ శ్లేష కుదిరిందో చూపించకపోతే రచయిత చెప్పింది సరిచూసే దారే ఉండదు. అక్షరం ఉంటే ఫోన్లో దాన్ని ఫోటో తీసి, ఆన్‌లైన్ నిఘంటువులో వెతికి, ఉచ్చారణ వినొచ్చు.

పాత పుస్తకాల్లో ఇంకో చిక్కుంది. అవి చైనీస్ మాటల్ని వేడ్ పద్ధతిలో ఇంగ్లీషు లిపిలో రాస్తాయి. అందులో ఒత్తి పలికే ధ్వనికి పక్కన చిన్న కామా గుర్తు పెడతారు. ఆ గుర్తుతో రాసిన "పింగ్" అంటే కూజా, గుర్తు తీసేస్తే మంచుగడ్డ. రీప్రింట్లలో, ఆన్‌లైన్ కాపీల్లో ఆ గుర్తు ఊడిపోవడం చాలా మామూలు. ఒత్తు ఉందా లేదా అన్నది ఎంత తేడా చేస్తుందో తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, మన లిపిలోనే ఆ తేడా ఉంది. ఇప్పటి పుస్తకాలు పిన్‌యిన్ పద్ధతి వాడతాయి. పిన్‌యిన్ మీద స్వరం గుర్తులు (మాటని ఎత్తి పలకాలా, దించి పలకాలా చెప్పేవి) కూడా పెట్టారంటే రచయిత శ్రద్ధ ఉన్న మనిషి అని నేను అనుకుంటాను.

ఉచ్చారణ ప్రాంతాన్ని బట్టీ కాలాన్ని బట్టీ మారుతుంది కదా, మరి శ్లేష మారదా?

మారుతుంది, చాలా పుస్తకాలు జారిపడేది ఇక్కడే. "శుభం" అనే మాటని మాండరిన్‌లో "జీ" అంటారు, కోడి కూడా "జీ". స్వరం వేరైనా చెవికి దగ్గరగా ఉంటుంది, అందుకని కోడి శుభం. అదే కాంటనీస్‌లో శుభం "గత్", కోడి "గాయ్", రెండింటికీ పొంతన లేదు. ఆ భాషలో "గత్" అని పలికేది చిన్న నారింజని. గ్వాంగ్‌డోంగ్, హాంకాంగ్ వైపు కొత్త సంవత్సరానికి గుమ్మాల దగ్గర చిన్న నారింజ మొక్కలు పెట్టుకోవడానికి ఇదొక కారణం. ఒకటే మాట, ఉత్తరాన కోడి, దక్షిణాన నారింజ.

కాలం సంగతీ అంతే. పాత చైనీస్‌లో శుభం అనే మాట చివర "త్" లాంటి హల్లు వినిపించేది. మాండరిన్ దాన్ని పోగొట్టుకుంది, కాంటనీస్ నిలుపుకుంది. అంటే ఆ హల్లు ఉన్న రోజుల్లో కోడికీ శుభానికీ శ్లేష కుదరదు. రెండువేల ఏళ్ళ నాటి సమాధిలో దొరికిన మట్టికోడికి కూడా ఇవాళ్టి బీజింగ్ ఉచ్చారణతో అర్థం చెప్పేస్తున్న పుస్తకాన్ని అక్కడే పక్కన పెట్టొచ్చు. గబ్బిలం విషయంలో మాత్రం పాత ఉచ్చారణలోనూ రెండు మాటలూ కలుస్తాయి. అయినా గబ్బిలాల బొమ్మలు వెల్లువలా వచ్చింది చింగ్ కాలంలోనే. శబ్దం కలిసినంత మాత్రాన ప్రతి కాలంలోనూ ఆ శ్లేష వాడారని కాదు.

షాపులోనో లైబ్రరీలోనో పది నిమిషాలే ఉంది. పుస్తకం మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలి?

నేను చేసేది చెప్తాను. ముందు "ఫెంగ్‌హువాంగ్" అనే పక్షి దగ్గరికి వెళ్తాను. ఇంగ్లీషు పుస్తకాలు దాన్ని ఫీనిక్స్ అని అనువదిస్తాయి, సరే, అలవాటైపోయిన మాట. కానీ "మంటల్లో కాలి బూడిదలోంచి మళ్ళీ పుడుతుంది" అని గనక రాసి ఉంటే పుస్తకం మూసేస్తాను. అది పశ్చిమ దేశాల కథ, చైనా పక్షికి ఆ కథ లేదు. మంచి పాలన ఉన్నప్పుడు కనిపించే పక్షి అని, తర్వాతి కాలంలో మహారాణికి గుర్తు అయిందని రాస్తే ముందుకు చదువుతాను. "చిలిన్" అనే జంతువుకీ అదే పరీక్ష, దాన్ని యూనికార్న్ అనేసి యూరప్ ఒంటికొమ్ము గుర్రం కథలన్నీ అంటించారా అని.

తర్వాత ఐదు గబ్బిలాలు. ఐదు భాగ్యాలు అని అందరూ రాస్తారు. ఆ ఐదూ ఏవి, ఎక్కడివి అని చెప్తుందా? "షాంగ్‌షు" అనే ప్రాచీన గ్రంథంలో జాబితా ఉంది: దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యంతో కూడిన ప్రశాంతత, ధర్మం మీద ప్రీతి, ఆయుష్షు నిండాక సహజంగా పోవడం. జనంలో ఇంకో జాబితా కూడా నడుస్తుంది: భాగ్యం, ఉద్యోగ జీతం, ఆయుష్షు, సంతోషం, ధనం. రెండూ ఉన్నాయని చెప్పి, ఏది ఎక్కడిదో విడదీసిన పుస్తకం మంచిది.

ఆ తర్వాత బొమ్మలు. గీతల్లో వేసిన బొమ్మలేనా, అసలు వస్తువుల ఫోటోలా? ఫోటో కింద కాలం, ఏ మ్యూజియంలో ఉంది, మ్యూజియం నమోదు సంఖ్య ఉన్నాయా? ఆ సంఖ్య ఉంటే మీరే వెళ్ళి చూసుకోవచ్చు.

చివరిగా, మొదటి ముద్రణ ఎప్పుడో చూడండి. కొత్త అట్టతో మెరిసిపోతున్న పుస్తకం లోపల 1930ల నాటిది కావచ్చు.

విలియమ్స్ పుస్తకం అందరి దగ్గరా ఉంటుంది. అది ఎలాంటిది?

సి.ఎ.ఎస్. విలియమ్స్ చైనా కస్టమ్స్‌లో ఉద్యోగం చేసిన మనిషి. పుస్తకం మొదట 1931లో వచ్చింది, 1976లో డోవర్ అనే ప్రచురణ సంస్థ చవకగా రీప్రింట్ చేయడంతో ప్రపంచమంతా పాకింది. చదవడానికి హాయిగా ఉంటుంది, చైనీస్ అక్షరాలు ఇస్తుంది, 1920లు, 30లలో చైనాలో ఉన్న విదేశీయుడికి ఏమేం వినిపించేవో చెప్పే సాక్ష్యంగా దానికి విలువుంది.

కానీ అది కళాచరిత్ర కాదు. వ్యవసాయం, పండుగలు, దేవుళ్ళు, మూఢనమ్మకాలు, అలంకార బొమ్మలు అన్నీ ఒకే గంపలో ఉంటాయి, చాలా చోట్ల అప్పటి ఇతర పాశ్చాత్య రచయితల మాటల మీద ఆధారపడతాడు. ఒక నమ్మకం ఏ శతాబ్దానిది, ఏ ఊరిది అన్నది సాధారణంగా తెలియదు. అందుకని నేను దీన్ని ప్రశ్న దొరకడానికి వాడతాను. జవాబు కోసం ఇంకో చోట వెతుకుతాను.

ఎబర్‌హార్డ్ నిఘంటువు?

ఇది వేరే రకం మనిషి రాసింది. వోల్‌ఫ్రామ్ ఎబర్‌హార్డ్ జానపద సాహిత్యం, సమాజశాస్త్రం చదువుకున్న పండితుడు, 1930లలో చైనాలో కథలు సేకరించాడు, తర్వాత కాలిఫోర్నియాలో బర్కిలీలో పాఠాలు చెప్పాడు. జర్మన్‌లో 1983లో, ఇంగ్లీషులో 1986లో వచ్చింది. సామెతలు, కథలు, పల్లె జనం మాటలు ఇందులో దొరికినంతగా వేరే చోట దొరకవు. అది దీని బలం.

దీన్ని వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకటి, చాలా వస్తువుల దగ్గర శృంగారపరమైన అర్థాలకి పెద్ద పీట వేస్తాడు. జానపద పాటలో ఆ అర్థం నిజంగానే ఉండొచ్చు, కానీ అదే పువ్వు పండితుడి గదిలో వేలాడే చిత్రంలో ఉంటే ఆ అర్థం లాక్కురావడం అన్యాయం. రెండు, ఈ పుస్తకం మాటల నుంచి బొమ్మల వైపు వస్తుంది. మీ చేతిలో ఉన్న పళ్ళెం ఏ కాలానిదో తేల్చడానికి పనికిరాదు.

మరి నమ్మకంగా వాడదగ్గది ఏదైనా ఉందా?

మింగ్, చింగ్ కాలపు అలంకార వస్తువుల వరకు అయితే టెరీస్ త్సె బార్తొలొమ్యూ రాసిన పుస్తకం నేను ముందు తీస్తాను. శాన్‌ఫ్రాన్సిస్కో ఏషియన్ ఆర్ట్ మ్యూజియం 2006లో వేసింది. ఆమె ఆ మ్యూజియంలో క్యూరేటర్‌గా చేసిన మనిషి, వస్తువుల్ని చేత్తో పట్టుకుని చూసి రాసింది. పుస్తకం అమరిక కూడా నాకు చాలా నచ్చుతుంది. జంతువుల జాబితాలా కాకుండా దీవెనల వారీగా ఉంటుంది: పెళ్ళికి, సంతానానికి, పరీక్ష పాసవడానికి, పెద్దవాళ్ళ ఆయుష్షుకి. అప్పట్లో బహుమతి కొనేవాళ్ళు ఆలోచించింది కూడా అలాగే కదా, "ఇవాళ ఎవరింటికి, ఏ సందర్భానికి" అని. ప్రతి శ్లేషకీ అక్షరాలు, పిన్‌యిన్ ఇస్తుంది.

హద్దు తెలుసుకుని వాడాలి. అంతకంటే ఎంతో పాతవైన షాంగ్ కాలపు కంచు గురించో, హాన్ కాలపు సమాధుల గురించో ఈ పుస్తకంలో జవాబు వెతక్కూడదు, అది దాని పని కాదు.

చాలా పాత వస్తువులకి, కంచు పాత్రలకీ పచ్చలకీ (అంటే జేడ్ రాయికి), ఏ పుస్తకం చూడాలి?

ఇక్కడ పుస్తకాన్ని ఎంచే పద్ధతే మారాలి, కాస్త వివరంగా చెప్తాను.

షాంగ్ కాలం, అంటే దాదాపు క్రీ.పూ. 1600 నుంచి 1046 వరకు. ఆనాటి కంచు పాత్రల మీద ఎదురుగా చూస్తున్న ఒక ముఖం ఉంటుంది, రెండు గుడ్లు, కొమ్ములు, కింద దవడ ఉండదు. పుస్తకాలు దాన్ని "తావ్‌తియే" అనే తిండిపోతు రాక్షసి అంటాయి, అతిగా తినొద్దని హెచ్చరిక అంటాయి. ఆ పేరు ఎక్కడిది? క్రీ.పూ. 3వ శతాబ్దపు గ్రంథం ఒకటి, షాంగ్ తర్వాత వచ్చిన జౌ కాలపు పాత్రల మీద తల ఉండి ఒళ్ళు లేని తావ్‌తియే ఉంటుందని రాసింది. సోంగ్ కాలపు పండితులు, క్రీ.శ. 11, 12 శతాబ్దాల్లో, పాత కంచు సామాను జాబితాలు రాస్తూ ఆ పేరుని షాంగ్ పాత్రల మీది ముఖానికి ఖాయం చేశారు. అంటే బొమ్మ చెక్కినవాళ్ళకీ ఆ మాట రాసినవాళ్ళకీ మధ్య ఎనిమిది వందల ఏళ్ళ పైనే ఉంది. షాంగ్ వాళ్ళు దాన్ని ఏమని పిలిచారో చెప్పే రాత ఏదీ లేదు. మాక్స్ లోయర్ అనే పండితుడు ఇది కేవలం అలంకారంగా పుట్టి పెరిగిందని వాదించాడు. కె.సి. చాంగ్ మాత్రం పూజారికి పూర్వీకులతో మాట్లాడటానికి తోడ్పడే జంతువులని అన్నాడు. ఈ గొడవని గొడవగా చూపించే పుస్తకమే నిజాయితీ ఉన్నది. "తావ్‌తియే అంటే తిండిపోతుతనానికి గుర్తు" అని ఒక్క వాక్యంలో ముగించింది అయితే షాంగ్ కాలం మొత్తానికి దాన్ని నమ్మకండి.

పచ్చరాళ్ళ కథ ఇంకా లోతైనది. గుండ్రంగా మధ్యలో రంధ్రం ఉన్న బిళ్ళని "బి" అంటారు, బయట పలకలుగా లోపల గుండ్రటి గొట్టంగా ఉండేదాన్ని "త్సొంగ్" అంటారు. బి ఆకాశం, త్సొంగ్ భూమి అని మీరు వంద చోట్ల చదువుతారు. ఆ మాటకి మూలం "జౌలి" అనే కర్మకాండ గ్రంథం, నీలి బిళ్ళతో ఆకాశాన్నీ పసుపు త్సొంగ్‌తో భూమినీ అర్చించాలని చెప్తుంది. 1912లో బెర్తోల్డ్ లాఫర్ అనే పండితుడు పచ్చల గురించి రాసిన పెద్ద గ్రంథం ఇలాంటి పాత గ్రంథాల దారిలోనే అర్థాలు చెప్పింది. అప్పటికి తవ్వకాలు లేవు, ఆయన్ని తప్పుపట్టడం లేదు. తర్వాత యాంగ్జీ నది దిగువన లియాంగ్‌జు సమాధులు బయటపడ్డాయి, 1986లో ఫాన్‌షాన్ దగ్గర తవ్వినప్పుడు కుప్పలుగా బి, త్సొంగ్‌లు దొరికాయి. ఆ సంస్కృతి క్రీ.పూ. 3300 నుంచి 2300 మధ్యది. జౌలి కంటే రెండువేల ఏళ్ళ ముందుది. వాళ్ళు రాసుకున్న గ్రంథం ఏదీ మనకి లేదు. ఆ త్సొంగ్ మీద కోడిగుడ్డు కళ్ళతో చిన్న ముఖాలు ఎంత సన్నగా చెక్కారో చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది, కానీ అది భూమికి గుర్తని చెప్పడానికి మన దగ్గర ఆధారం లేదు.

కాబట్టి ఇలాంటి వస్తువులకి గుర్తుల నిఘంటువు వద్దు. తవ్వకాల నివేదికలు, ఎగ్జిబిషన్ కేటలాగులు చూడండి.

తామర అంటే మనకి తెలుసు కదా, దానికి కూడా పుస్తకం కావాలా?

మనకే ఎక్కువ కావాలి, ఎందుకంటే మనం తెలుసనుకుంటాం. అమరావతి రాతిఫలకాల మీద తామరలు చూసి పెరిగిన కళ్ళకి చైనా తామర కూడా బౌద్ధమే అనిపిస్తుంది. చాలాసార్లు నిజమే, బౌద్ధంతో పాటు ఆ పువ్వు అర్థం కూడా ఇక్కడి నుంచే వెళ్ళింది. కానీ 11వ శతాబ్దంలో జౌ దున్‌యి అనే కన్ఫ్యూషియన్ పండితుడు తామర మీద చిన్న వ్యాసం రాశాడు. బురదలోంచి వచ్చినా మరక అంటని పువ్వు, పువ్వుల్లో పెద్దమనిషి అన్నాడు. మనం తామరాకు మీద నీటిబొట్టు అన్నట్టే వినిపిస్తుంది, కానీ అతను చెప్పేది ఉద్యోగంలో ఉండి కూడా చెడిపోని మనిషి గురించి. ఇక ఇళ్ళలో వేలాడే బొమ్మల్లో తామర "లియెన్", అంటే "వరుసగా, ఎడతెగకుండా" అనే మాటకి శ్లేష. పిల్లవాడు చేపని కావలించుకుని తామర పట్టుకుంటే "ఏటేటా మిగులుండాలి" అని.

నేను చేసిన తప్పు ఒకటి ఇక్కడే చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం బంధువుల ఇంట్లో పట్టు మీద కుట్టిన బొమ్మ ఒకటి చూపించి అర్థం అడిగారు, తామర పూల మధ్య తెల్ల కొంగ. నా దగ్గరున్న ఒక చిన్న పుస్తకం చూసి "కొంగ అంటే దీర్ఘాయువు" అని చెప్పాను, వాళ్ళు దాన్ని వాళ్ళ నాన్నగారి షష్టిపూర్తికి ఫ్రేము కట్టించి ఇచ్చారు. అది సారసం కాదు, మన చెరువుల్లో కనిపించే లాంటి తెల్లకొంగ. తెలుగులో రెండింటినీ కొంగ అనేస్తాం, చైనీస్‌లో సారసం "హె", తెల్లకొంగ "లు". దారి అనే మాట కూడా "లు"నే. తెల్లకొంగ, తామర కలిస్తే "దారి పొడుగునా వరుసగా పరీక్షలు పాసవ్వాలి" అని. చదువుకునే కుర్రాడికి ఇవ్వాల్సిన బొమ్మ అది. ఆ పుస్తకంలో పక్షి ఫోటో లేదు, శాస్త్రీయ నామం లేదు, అక్షరం లేదు. నిజం తెలిశాక ఫోన్ చేసి చెప్పాను, వాళ్ళేమీ అనలేదు, నాకు మాత్రం ఇప్పటికీ బాధగానే ఉంది. అప్పటి నుంచి పక్షి ఏ జాతిదో తేల్చని పుస్తకాన్ని నేను వాడటం లేదు.

ఐదు గోళ్ళ డ్రాగన్ ఉంటే చక్రవర్తి వస్తువే అంటారు. నిజమా?

ఒక్కమాటలో చెప్తే, అలా తేల్చలేం. తాంగ్, సోంగ్ కాలాల్లో (7 నుంచి 13వ శతాబ్దం వరకు) డ్రాగన్లకి ఎక్కువగా మూడు గోళ్ళే ఉంటాయి. 14వ శతాబ్దంలో చైనాని ఏలిన మంగోలుల యువాన్ ఆస్థానం ఐదు గోళ్ళ డ్రాగన్‌ని మామూలు జనం వాడకూడదని ఆంక్ష పెట్టింది. నిషేధం పెట్టాల్సి వచ్చిందంటే జనం వాడుతున్నారనే అర్థం. చింగ్ చివరి రోజులకి చక్రవర్తి కుటుంబం కానివాళ్ళ అంగీల మీద కూడా ఐదు గోళ్ళు మామూలుగా కనిపిస్తాయి. ఈ వరుస చెప్పకుండా "ఐదు గోళ్ళు అంటే చక్రవర్తి" అని రాసిన పుస్తకాన్ని పట్టుకుని ఎవరైనా మీకు వస్తువు అమ్మబోతే డబ్బు తీయకండి.

పది పుస్తకాలు ఒకే మాట చెప్తున్నాయి. ఇంక అనుమానం ఎందుకు?

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు ఒకరు రాసింది పదిమంది ఎత్తి రాస్తే అది పది సాక్ష్యాలు కావు. ఈ రంగంలో ఒకరి నుంచి ఒకరు తీసుకోవడం చాలా ఎక్కువ. విలియమ్స్ నుంచి తీసుకున్నవాళ్ళు ఎందరో. 1928లో నొజాకి అనే జపనీయుడు శుభచిహ్నాల మీద వేసిన పుస్తకం చైనీస్‌లోకి కూడా వెళ్ళింది, ఆ తర్వాతి జనరంజక పుస్తకాల్లో అవే నమూనాలు, అవే వివరణలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ఒకే పదాలు, ఒకే ఉదాహరణ, ఒకే వరుస కనిపిస్తే మూలం ఒకటే అనుకోండి. వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే మాట చెప్పేవి కావాలి. మింగ్ కాలం చివర్లో సిరా బిళ్ళల వ్యాపారులు తమ నమూనాలని పేర్లతో సహా అచ్చు వేసుకున్నారు. అలాంటి ఆనాటి సాక్ష్యాన్ని చూపించే పుస్తకానికి బరువెక్కువ.

రెండు మంచి పుస్తకాలే విరుద్ధంగా చెప్తే?

చాలాసార్లు రెండూ నిజమే అయి ఉంటాయి, కాలం వేరు లేదా వాడినవాళ్ళు వేరు. ముందు అది చూడండి. అప్పటికీ తేలకపోతే వస్తువు మీదే ఏదైనా రాత ఉందేమో వెతకండి, హుయ్‌జోంగ్ చుట్ట మీద ఉన్నట్టు. బొమ్మ పక్కన ఆనాటి మనిషి రాసిన పద్యం ముందు ఏ నిఘంటువైనా తలవంచాల్సిందే.

ఎగుమతి కోసం చేసిన పింగాణీకి ఈ పుస్తకాలు పనికొస్తాయా?

కొంచెమే. కాంటన్ రేవు నుంచి విదేశాలకి వెళ్ళిన సామాను కొనేవాళ్ళ ఆర్డర్ ప్రకారం చేసింది, యూరప్ కుటుంబాల చిహ్నాలు కూడా వేసి పంపేవాళ్ళు. అక్కడ పువ్వు చాలాసార్లు ఖాళీ నింపే పువ్వే.

ఫెంగ్‌షుయ్ పుస్తకాల్లో కూడా ఈ బొమ్మలన్నీ ఉంటాయి కదా?

ఉంటాయి, కానీ అవి అడిగే ప్రశ్న వేరు. మన షాపుల్లో లాఫింగ్ బుద్ధ అని అమ్మే లావుపాటి బొమ్మ నిజానికి బుదాయ్, 10వ శతాబ్దంలో గుడ్డసంచి భుజాన వేసుకుని తిరిగిన సన్యాసి అని, మైత్రేయ బుద్ధుడి అవతారమని చైనా వాళ్ళు నమ్మారు. ఫెంగ్‌షుయ్ పుస్తకం మీకు ఆ బొమ్మని ఏ మూల పెట్టాలో చెప్తుంది. ఆ సన్యాసి ఎవరు, ఆ బొమ్మ చిత్రాల్లోకి ఎప్పుడొచ్చింది అనేవి మీకు కావాలంటే వేరే పుస్తకం తీయాలి.

చైనీస్ రాదు, ఖరీదైన పుస్తకాలు కొనలేను. ఏం చేయాలి?

మ్యూజియంల ఆన్‌లైన్ సేకరణలు వాడండి, ఉచితం. న్యూయార్క్ మెట్రోపాలిటన్, బ్రిటిష్ మ్యూజియం, తైపే నేషనల్ ప్యాలెస్ మ్యూజియం, మూడూ ఫోటోలతో సహా పెట్టాయి. పుస్తకం "ఈ గుర్తు సోంగ్ కాలం నుంచీ ఉంది" అంటే, ఆ గుర్తు పేరుతో వెతికి, ఫలితాలని కాలం ప్రకారం చూడండి. సోంగ్‌లో ఒక్కటీ లేక, చింగ్‌లో వందలు కనిపిస్తే మీ ప్రశ్న మీకు దొరికినట్టే.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో అవకాశం ఉంది. సాలార్ జంగ్ మ్యూజియంలో చైనా వస్తువుల విభాగం ఉంది, పింగాణీ, పచ్చరాయి సామాను ఒకే చోట చూడొచ్చు. మీ పుస్తకం పట్టుకుని ఒక మధ్యాహ్నం వెళ్ళండి. ఒక్క కూజా ముందు నిలబడి దాని మీద ఉన్నవన్నీ కాగితం మీద రాసుకోండి: ఎన్ని గబ్బిలాలు, ఏ రంగు, తలకిందులుగా ఉన్నాయా, పక్కన పీచ్ పండ్లా దానిమ్మలా. ఎర్ర గబ్బిలం అయితే "హోంగ్ ఫు", అపారమైన భాగ్యం అనే మాటకి శ్లేష. తలకిందులైతే "దావ్", వచ్చేసింది అనే మాటకి. పీచ్ పండు తోడుంటే ఆయుష్షు కూడా కలుస్తుంది. మీరు రాసుకున్న వాటిలో మీ పుస్తకం ఎన్నింటికి, ఎంత వివరంగా జవాబిచ్చిందో లెక్కపెడితే ఆ పుస్తకం సంగతి తెలిసిపోతుంది.

అర్థం తెలుసుకుంటే నిజంగా ఏమైనా తేడా ఉంటుందా?

చింగ్ చక్రవర్తి యోంగ్‌జెంగ్ కాలపు, అంటే 1723, 1735 మధ్య చేసిన కూజా ఒకటి అమెరికాలో ఒక ఇంట్లో టేబుల్ లైటుకి స్టాండుగా ఉండేది. దాని మీద పీచ్ పండ్లు, గబ్బిలాలు. పైన చెప్పిన లెక్కన చదివితే ఆయుష్షు, భాగ్యం రెండూ నిండుగా ఉండాలని దీవెన. 2002లో హాంకాంగ్ వేలంలో అది 4 కోట్ల 15 లక్షల హాంకాంగ్ డాలర్లకి అమ్ముడైంది, కొన్న ఆవిడ దాన్ని షాంఘై మ్యూజియంకి ఇచ్చేసింది. ఇప్పుడు దాని మీద బల్బు లేదు.